ఈదమ్మ అలికిన నేల

వాన పడిన ప్రతిసారీ మా ముందుగదిలో మట్టివాసన వేస్తుంది. కిటికీలు మూసినా వేస్తుంది. అది బయటి మట్టి కాదు, గోడకు వేలాడుతున్న చెక్కపలక మీది మట్టి. నాలుగడుగుల వెడల్పు, ఆరడుగుల ఎత్తు. ఎర్రమన్ను, పేడ, బూడిద, తుమ్మబంక కలిపి చేత్తో అలికిన పలక. గాలిలో తేమ చేరగానే అది నిన్ననే అలికినట్టు వాసన కొడుతుంది. నిన్న సాయంత్రమూ అంతే. చదువుతున్న పుస్తకం బోర్లించి లేచాను. రెండు గదుల మధ్య అటూ ఇటూ తిరిగాను. ఈ వయసులో కూర్చున్న చోట కూర్చోలేకపోవడాన్ని డాక్టరు రక్తపోటు అంటాడు. మాత్ర వేసుకుంటాను. వాన వెలిసేదాకా తిరుగుతూనే ఉంటాను.

ఆ పలక చేసిన మనిషి పేరు ఈదమ్మ. ఆమె పోయి ఆరేళ్లయింది. ఆమె చిత్రాలను హైదరాబాదులో, బొంబాయిలో ప్రదర్శించారు. నైరూప్య చిత్రకారిణి అని పత్రికలు రాశాయి. ఆ మాట ఆమె నోట నేనెప్పుడూ వినలేదు. మా ఇంటికి వచ్చినవాళ్లు పలక ముందు నిలబడి రెండు ప్రశ్నలు అడుగుతారు. ఇదేం బొమ్మ అన్నది మొదటిది. పలక నిండా చేత్తో తిప్పిన అర్ధచంద్రాలు ఉండి, ఎడమ అంచున మాత్రం జానెడు వెడల్పు పట్టీ పైనుంచి కిందిదాకా ఏ గీతా లేకుండా ఎందుకుంది అన్నది రెండోది. ఆమె చేసిన ప్రతి పలకలోనూ ఆ పట్టీ ఉంది. ఒక విమర్శకుడు దాన్ని శూన్యం అన్నాడు. ఇంకొకాయన మోక్షమార్గం అన్నాడు. మోక్షం అనే మాట చెవిన పడితే నాకు ఒళ్లు మండుతుంది కనుక ఆయనతో పత్రికలో నెలరోజులు పోట్లాడాను. అది మోక్షమార్గం ఎందుకు కాదో ఎనిమిది కారణాలు రాశాను. అది ఏమిటో మాత్రం రాయలేదు. తెలిసీ రాయలేదు.

నేను ఈదమ్మను మొదట చూసేనాటికి పోలీసు చర్య జరిగి ఏడాది కావస్తోంది. నవాబు పాలన పోయింది. పారిపోయిన దొరలు ఒక్కొక్కరే తిరిగొచ్చి గడీల తాళాలు తీయించుకుంటున్నారు. పంచుకున్న భూములు మళ్లీ చేతులు మారుతున్నాయి. ఆ భూములు పంచిన సంఘంలో కొందరు తుపాకులు దించలేదు, నల్లమల వైపు జరిగారు. దేవరకొండకు దక్షిణాన, అచ్చంపేట అడవి నీలంగా కనిపించే ఒక ఊళ్లో నాకు బడిపంతులు ఉద్యోగం దొరికింది. ఊరి పేరు రాయను. ఆనాటి మనుషుల మనవలు అక్కడ ఉన్నారు. నాకప్పుడు ఇరవై నాలుగేళ్లు. నల్లగొండ గ్రంథాలయం మెట్ల మీద వితంతు వివాహం నుంచి విగ్రహారాధన దాకా వాదించి పెరిగినవాణ్ని. ఎదుటివాడు 'మా పెద్దలు చెప్పిన్రు' అన్నాడంటే వాడు ఓడినట్టే మాకు లెక్క. ఆ ఆట నాకు బాగా వచ్చు. గెలిచినప్పుడు వచ్చే నిషా ఇంకా బాగా వచ్చు.

బడి అంటే ఒక్క గది. మట్టినేల. వారానికోసారి అలకడానికి ఊరికి ఎడంగా ఉన్న వాడ నుంచి ఈదమ్మ వచ్చేది. ఇరవై ఏళ్ల పిల్ల. గడపలోపల ఆమె పని చేయవచ్చు కానీ చదువుకోరాదని ఊరి పెద్దల మాట. నేను ఆ మాటను మొదటి వారమే తీసి అవతల పారేశాను. అలికాక ఆమె అక్కడే కూర్చుని అక్షరాలు దిద్దేది. ఆమె అలకడం చూడటం నాకు ఇష్టమైన పని. గదిలో దూరపు మూలన మొదలుపెట్టి, గొంతుకూర్చుని, కుడిచేయి అర్ధచంద్రంగా తిప్పుతూ, గడప వైపు వెనక్కి వెనక్కి జరుగుతూ వచ్చేది. తన పాదాల గుర్తులను తనే చెరిపేసుకుంటూ వచ్చి, ఆఖరి చేతివాటు గడప దగ్గర వేసి బయట పడేది. లోపల మనిషి తిరిగిన జాడ ఉండేది కాదు. గోడ వారన మాత్రం నడవడానికి జానెడు పొడి జాగా వదిలేది.

"సారు, గా పట్టీ మీద నడువు. తడి తొక్కకు" అనేది.

"తొక్కితే ఏమవుతుంది, అరిష్టమా?"

"మల్ల అలుకాలె. నువ్వు అలుకుతవా?"

ఇలాంటి జవాబులకు నా దగ్గర వాదన ఉండేది కాదు. మిగతా వాటికి ఉండేది. పిల్లి ఎదురు రావడం, మంగళవారం క్షౌరం, తుమ్మితే ఆగడం. ఒక్కొక్కటే ఆమె చేత చెప్పించి, ఒక్కొక్కటే పడగొట్టేవాణ్ని. ఆమె కోపం తెచ్చుకునేది కాదు. పలక మీద 'అ' దిద్దుతూ నవ్వేది. "నీ నోట్ల పడితె గొర్రె గూడ మేకయితది సారు" అనేది. దాన్ని నేను పొగడ్త అనుకున్నాను.

ఆమె అన్న మైసయ్య దళంలో ఉండేవాడు. ఊరికి మాత్రం అతను సోలాపురం మిల్లులో పనిచేస్తున్నాడని చెప్పారు. ఆ పక్క నుంచి చాలామంది అలా పోయినవాళ్లే కనుక ఎవరూ అనుమానించలేదు. వానాకాలం చివర మైసయ్య అడవిలో జ్వరం తగిలి ఇంటికి వచ్చాడు. మిల్లుకు సెలవని చెప్పి నాలుగు రోజులు ఉన్నాడు. మిలిటరీ క్యాంపువాళ్లు సోదాలకు వస్తారన్న కబురు రాగానే, ఐదో రోజు పొద్దున తల్లి సాయమ్మ వాడంతా వినేలా చెప్పింది, కొడుకు తెల్లవారకముందే సోలాపురం వెళ్లిపోయాడని. చెప్పి, ఎప్పటిలాగే పటేలు చేనిలో కలుపుకు పోయింది. నిజానికి మైసయ్య దూరం నడిచే స్థితిలో లేడు. ఇంట్లోనే ఉన్నాడు. ఆ సంగతి ఈదమ్మ నాకొక్కడికే చెప్పింది.

మధ్యాహ్నానికి సోదా ఉంటుందని తెలిసి నేను పరుగున వెళ్లాను. ఇంటి నేలలో ఎవరో వెనకటి వాళ్లు తవ్విన జొన్నల పాతర ఉంది. మనిషి ముడుచుకుని కూర్చునే లోతు గొయ్యి, చాలా ఏళ్లుగా ఖాళీ. మైసయ్యను అందులోకి దించాం. నేనూ ఈదమ్మా కలిసి పైన బండ కప్పాం. పొయ్యి పక్కన వేలెడు సందు గాలికి వదిలాం. బండ చుట్టూ మన్ను మెత్తాం. అప్పుడు చూస్తే పాత నేల మధ్య కొత్త మన్ను గుండ్రంగా, పళ్లెంలా కనిపిస్తోంది.

"మేకను తెచ్చి దీని మీద కట్టేస్త. గడ్డి ఏస్త. కనబడదు" అంది ఈదమ్మ.

"మేకను తోలేస్తే? గడ్డి కాలితో తన్నితే? నేలంతా అలుకు. అంతా తడిగా ఉంటే ఏది కొత్తదో తెలియదు."

ఆమె పేడ గంప వైపు చూసింది కానీ కదల్లేదు. "ఇయ్యాల అలుకొద్దు సారు. అన్న పొయ్యిండని పొద్దుగాల ఊరంత చెప్పినం. మనిషి బయిలెల్లిన నాడు ఇల్లు అలుకరు."

"ఎందుకు అలకరు?"

"అలుకరు. పీనుగ ఎల్లినంకనే అలుకుతరు."

"మట్టికి తెలుసా ఈదమ్మా, ఎవరు ఎట్లా పోయారో?"

"తెల్వది. అయినా వద్దు సారు. నాకు చెయ్యి వస్తలేదు."

సమయం లేదు. కానీ వాదన ముందు పడితే నాకు సమయం గుర్తుండేది కాదు. ఆ పూట నేను వేసిన ఎత్తు నా జీవితంలో వేసిన ఎత్తులన్నిటిలో నున్ననిది. "సరే, నీ ఆచారమే తీసుకుందాం. మనిషి పోతే అలకకూడదు. మీ అన్న పోయాడా? పోలేదు. ఇక్కడే, నీ కాళ్ల కిందే ఉన్నాడు. మరి నీ ఆచారం ప్రకారం కూడా తప్పేముంది?"

ఆమె నా ముఖంలోకి చూసింది. జవాబు వెతుక్కుంది. దొరకలేదు. గంప దగ్గర కూర్చుంది. మన్నూ పేడా నేనే కలిపి ఇచ్చాను. మూలన మొదలుపెట్టి గడప దాకా వచ్చింది. పట్టీ కూడా వదలొద్దన్నాను, మొత్తం అలకమన్నాను. మొత్తం అలికింది.

నా తర్కంలో ఒకే ఒక్క లోపం ఉంది. మైసయ్య పోలేదని తెలిసింది మా నలుగురికే. ఊరికి తెలిసింది అతను పోయాడని.

జవాన్లు వచ్చారు. ఎక్కడి నుంచో వచ్చినవాళ్లు, మన భాష రానివాళ్లు. బూట్లతో తడినేల తొక్కుతూ ఇల్లంతా తిరిగారు. కుండలు దొర్లించారు, కప్పు గడ్డి పొడిచారు. పాతర బండ మీద ఒకడు నిలబడి బీడీ కూడా వెలిగించుకున్నాడు. వాళ్లకు ఏమీ కనిపించలేదు. వెళ్లిపోబోతున్నారు. నేను వీధిలో గుంపులో నిలబడి నా తెలివికి నేనే మురిసిపోతున్నాను.

వాళ్లతో వచ్చిన పోలీసు పటేలు ఆ ఊరివాడే. వాడలోని ఇంటి గడప తొక్కితే మైలపడతాడు కనుక వాకిట్లోనే నిలబడ్డాడు. అక్కణ్నుంచి అతనికి కనిపించేది నేల ఒక్కటే. కాసేపు దాన్నే చూశాడు.

"ఏమే ఈదమ్మా, మీ అన్న పొద్దుగాల బయిలెల్లిండంటిరి."

"ఔ పటేలా."

"పోయిన నాడే ఇల్లు అలికినవా? మీ అమ్మ గిదే నేర్పిందా నీకు?"

పటేలు నవ్వి అధికారికి ఉర్దూలో ఏదో చెప్పాడు. తుపాకీ మడమలతో నేల కొట్టుకుంటూ వచ్చారు. పొయ్యి పక్కన బోలుగా మోగింది.

మైసయ్య వెలుతురుకు కళ్లు చిట్లించుకుంటూ పైకి వచ్చాడు. అప్పుడు అతను చేసిన పని నా కళ్ల ముందు నుంచి ఇన్నేళ్లలో కదల్లేదు. ఇద్దరు జవాన్లు రెక్కలు పట్టుకుని లాగుతుంటే, అతను తడినేల మధ్యనుంచి రాలేదు. గోడ వారకు జరిగి, ఒక పాదం ముందు ఒక పాదం వేస్తూ, గోడను రాసుకుంటూ గడప దాకా నడిచాడు. తడి తొక్కితే చెల్లెలు తిడుతుందని చిన్నప్పటి నుంచి కాళ్లకు పట్టిన అలవాటు.

"ఎవరు అలుకుమన్నరు?" అని పటేలు అడిగాడు.

"ఎవరంటరు? నేనే. ఇల్లు గలీజుగున్నది, అలికిన" అంది ఈదమ్మ. నా వైపు చూడలేదు. నా గోళ్ల కింద అదే మట్టి ఉంది. చేతులు వెనక్కి పెట్టుకున్నాను.

ఐదో రోజున మైసయ్య ఇక లేడని కబురు వచ్చింది. క్యాంపులో ఏం జరిగిందో ఎవరూ చెప్పలేదు, శవాన్ని ఇవ్వలేదు. నేను ఆ ఇంటికి పరామర్శకు వెళ్లాను. సాయమ్మ కొడుకు గొంగడి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. కూతురు వాకిట్లో నిలబడి ఉంది, గడప లోపల కాదు.

"బతికున్నోన్ని పీనుగలెక్క సాగదోలినవు. నా ఇల్లు తొక్కకు" అంది తల్లి, కూతురి వైపు చూస్తూ.

"నీ చేతులు పడిపోను" అని పక్కింటామె అందుకుంది. అలికే వేళ సాయమ్మ చేనిలో ఉంది కనుక నేను చెప్పి చేయించానని ఆమెకు తెలియదు. ఈదమ్మ నన్ను ఒకసారి చూసింది. ఆ చూపులో నింద లేదు. నువ్వు చెప్తావా అన్న ఎదురుచూపు మాత్రం ఉంది. ఆచారానికీ చావుకూ సంబంధం లేదని, అది కార్యకారణ భ్రమ అని సాయమ్మకు వివరంగా చెప్పాను. చెప్పి చెప్పులు వేసుకున్నాను.

ఆ రోజు బయటపడితే నన్నూ పట్టుకుపోయేవాళ్లు. అది నిజం. మొదటి నెల నా మౌనానికి అదే కారణం. రెండో నెల బదిలీ అడిగి వెళ్లిపోయాను. పోరాటం ముగిసింది, ఎన్నికలు వచ్చాయి, జైళ్లలో ఉన్నవాళ్లు బయటికొచ్చి సన్మానాలు పొందారు. భయపడటానికి ఏ కారణమూ మిగలలేదు. మౌనం మాత్రం ఉండిపోయింది. కారణం లేని నమ్మకాన్ని మూఢనమ్మకం అని వందల సభల్లో నిర్వచించినవాణ్ని. కారణం లేని మౌనానికి పేరు పెట్టలేదు.

పన్నెండేళ్ల తర్వాత హైదరాబాదులో ఒక చిత్రకళా పాఠశాలవాళ్లు నన్ను ఉపన్యాసానికి పిలిచారు. అప్పటికి హేతువాదిగా నాకు పేరు వచ్చింది. సభ ముగిసి కుర్చీలు సర్దుతుంటే చీపురు పట్టుకున్న ఒకామె దగ్గరికి వచ్చి "మంచిగున్నవా సారు" అంది. జుట్టు అప్పుడే నెరిసింది. గొంతు మారలేదు.

ఊళ్లో ఎవరూ పనికి పిలవకపోతే నార్కట్‌పల్లి దాకా నడిచి, సున్నం మోసే కూలీలతో లారీ ఎక్కి పట్నం వచ్చిందట. ఆ పాఠశాలలో ఊడ్చే పని. సిమెంటు నేల కనుక అలకాల్సిన అవసరం లేదు. రెండేళ్లు బాగానే గడిచింది. తర్వాత చేయి ఊరుకోలేదట. విరిగిన పెట్టె మూత ఒకటి వెనక గదిలో పడి ఉంటే, దాని మీద మన్నూ పేడా మెత్తి అలికింది. మర్నాడు ఆరి పగిలిపోయింది. చింతగింజల గంజి కలిపింది, బూడిద కలిపింది, చివరికి తుమ్మబంక కుదిరింది. అక్కడి ముసలి డ్రాయింగు మాస్టరు ఒకరోజు ఆ మూతను చూశాడు.

"ఏమన్నాడు?" అని అడిగాను.

"ఏం అనలే. తెల్లారి ఇంకొంచెం పెద్ద చెక్క తెచ్చి పెట్టిండు, పోయిండు. గసొంటోడు దొరుకుడు కష్టం సారు. ఎందుకు అలుకుతున్నవని ఒక్కనాడు అడగలే."

ఆ మాట నాకు తగలాలనే అన్నదో లేదో తెలియదు. తగిలింది. ఆ మాస్టరు తర్వాత ఆమెకు విదేశీ చిత్రకారుల పుస్తకాలు చూపించాడట, మనుషులూ చెట్లూ లేని, ఒట్టి రంగులున్న బొమ్మలు. "వీళ్ల ఇండ్లు గూడ ఎవలో అలికిన్రు" అందట ఈమె.

వెళ్లబోతుంటే ఆపింది. "నువ్వు రాసిన పుస్తకం సదివిన సారు. మనిషి బయిలెల్లినంక ఇల్లు అలుకొద్దంటరని, గా ముచ్చట."

నిజమే. ఆ ఆచారం మీద నేను పదిహేను పేజీలు రాశాను. నా వ్యాసాల్లో అందరూ మెచ్చుకునేది అదే. నా దగ్గర అక్షరాలు నేర్చుకున్న మనిషి నా పుస్తకం చదివిందన్న సంతోషంలో, సిగ్గు లేకుండా, "ఎట్లుంది?" అని అడిగాను.

"మంచిగ రాసినవు. అన్ని ఊర్ల ముచ్చట ఉన్నది. మా ఇల్లు లేదు" అంది. చీపురు తీసుకుని అవతలి గదిలోకి పోయింది.

ఆ తర్వాత నెలకోసారైనా ఆమె గదికి వెళ్లేవాణ్ని. ఆమె రమ్మనలేదు, వద్దనలేదు. పలకను నేల మీద పరిచి, పై మూలన మొదలుపెట్టి, వెనక్కి జరుగుతూ వచ్చి, కింది అంచున ఆఖరి చేతివాటు వేసి లేచేది. మధ్యలో నేను ఏదైనా అంటే వినిపించుకునేది కాదు. ఆమె దగ్గర కూర్చున్న ఆ గంటల్లోనే నేను జీవితంలో మొదటిసారి మాట్లాడకుండా ఉండటం నేర్చుకున్నాను. అది శాంతి కాదు. కాళ్లు ఆడుతూనే ఉండేవి. పలక పక్కన ఆ పొడి పట్టీ వదులుతున్నప్పుడల్లా గోడ వారన నడిచిన పాదాలు కనిపించేవి. ఒకరోజు ఉండబట్టలేక అడిగాను, ఆనాడు వాళ్లు కనిపెడతారని నీకు తెలుసా అని.

"తెల్వది. భయమైంది. భయానికి నువ్వు కారణం అడిగినవు. నా దగ్గర లేకపాయె" అంది, తల ఎత్తకుండానే.

ఆమె మొదటి పెద్ద ప్రదర్శన నాడు నిర్వాహకులు రెండు పలకలు తలకిందులుగా వేలాడదీశారు. ఆమె వాటి ముందు నిలబడి "గడప పైకి పెట్టిన్రు. ఇంట్లకు మీదికెళ్లి దిగుతరా?" అని అడిగింది. నవ్వి సరిచేశారు. ఒక పెద్దమనిషి ఒక పలక ముందు కళ్లు మూసుకుని, ఇందులో బ్రహ్మతత్వం గోచరిస్తోందన్నాడు. "యాడ?" అని ఈదమ్మ నిజంగానే వంగి చూసింది. నాకు పట్టరాని కోపం వచ్చింది. శ్రమ చేసిన చేతిని దేవుడి ఖాతాలో వేయడం ఈ దేశపు పాత దొంగతనం. ఆ రాత్రికి రాత్రే ముందుమాట రాసి పట్టుకెళ్లాను. ఈ ఎరుపు సాయుధ పోరాటపు నెత్తురని, ఈ అర్ధచంద్రాలు కొడవళ్లని, ఈ పలకలు భూమి కోసం లేచిన జనం చరిత్ర అని. ఆమె ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుంటూ అంతా చదివింది.

"ఆయినకు దేవుడు కనబడ్డడు, నీకు జెండా కనబడ్డది. నేను అలికింది ఎవ్వలకు కనబడలే" అంది. కాగితాలు మడిచి నా చేతిలో పెట్టింది. "గింత రాస్తవు. ఒక్క మాట రాయరాదు నీకు."

ఏ మాటో అడగాల్సిన పని లేదు. అక్కడే కూర్చుని రాశాను. ఆనాడు ఆ ఇల్లు అలకమన్నది నేను, ఆమె వద్దన్నది, నేను వినలేదు. కింద సంతకం పెట్టాను. ఇది గోడకు పెట్టించు, అందరూ చదువుతారు అన్నాను. నా గొంతులో త్యాగం చేస్తున్న ధ్వని నాకే వినిపించింది.

"వీళ్లెందుకు సదువాలె? వీళ్లు నన్నేమన్నరు?" అంది ఈదమ్మ. "మా అమ్మ ఉన్నది. నేను పంపిన చీరెలు మలిపి నాకే పంపుతది. పోయి ఆమెకు చెప్పు."

అప్పటికి మైసయ్య పోయి ముప్ఫై ఏళ్లు దాటింది. నేను వెళ్లడానికి ఇంకో మూడు నెలలు తీసుకున్నాను. ఒకసారి సభ, ఒకసారి జలుబు, ఒకసారి బస్సుల సమ్మె. సమ్మె ఒక్కరోజే.

సాయమ్మ వాకిట్లో కూర్చుని ఆముదాలు ఒలుస్తోంది. చూపు మందగించింది. బడిపంతులునని చెప్తే గుర్తుపట్టి, కూర్చోమని చేత్తో నేల చూపించింది. దారి పొడవునా నేను మాటలు కూర్చుకుంటూ వచ్చాను. ఆనాటి పరిస్థితులు, గోప్యత అవసరం, ఆచారపు స్వభావం. ఆమె ఎదుట కూర్చున్నాక వాటిలో ఒక్కటీ నోటికి రాలేదు.

"మైసయ్యను పట్టుకున్న నాడు ఇల్లు అలకమన్నది నేనే అమ్మా" అన్నాను.

ఆమె వేళ్లు ఆగాయి. "నువ్వు అంటె అది అలికిందా?"

"అవును."

"వద్దన్లేదా అది?"

"వద్దంది. రెండుసార్లు వద్దంది. నేను మాటలతో కొట్టి అలికించిన."

ఆమె ఒలిచిన గింజలను చేటలో ఒక పక్కకు జరిపింది, మళ్లీ ఇటు జరిపింది. "మరి నాకెందుకు చెప్పలే అది?"

"చెప్తే నన్ను పట్టుకుపోతారని."

"నిన్ను కాపాడి నన్ను పోగొట్టుకున్నదా" అంది. అది ప్రశ్న కాదు. తర్వాత నా వైపు తిరిగింది. "ఇన్నేండ్లు యాడున్నవ్ నువ్వు?"

"హైదరాబాదులో."

"ఏం చేసినవ్?"

"ఆచారాలు తప్పని చెప్పుకుంట తిరిగిన."

"మంచిగ చెప్పినవ్ బిడ్డా" అంది సాయమ్మ. అంత మెత్తగా నన్ను ఎవరూ కొట్టలేదు. చేట పక్కన పెట్టి, గోడ పట్టుకుని లేచింది. లోపలికి పోయి దండెం మీది చీర ఒకటి తడిమి తీసుకుంది. "హైదరాబాదు బస్సు ఎన్నిటికున్నది?"

బస్సులో దారంతా ఆమె కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఈదమ్మ గది ముందు దిగేసరికి సాయంత్రమైంది. తలుపు తీసిన ఈదమ్మ తల్లిని చూసింది, నన్ను చూసింది.

"వాదించినవా?" అని నన్నే అడిగింది మొదట.

"లేదు."

తల్లి చేయి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. తలుపు చేరవేసింది. నేను మెట్టు మీద కూర్చున్నాను. గంట గడిచిందో, ఎక్కువో. ఏడుపు వినిపిస్తుందనుకున్నాను, వినిపించలేదు. ఒకసారి గిన్నె చప్పుడైంది. ఒకసారి ముసలి గొంతు ఏదో పొడుగ్గా చెప్పింది. మధ్యలో ఇద్దరిలో ఎవరో నవ్వినట్టు అనిపించింది, అదీ నిశ్చయంగా చెప్పలేను. తర్వాత ఈదమ్మ బయటికి వచ్చి, "ఇగ నువ్వు పో సారు" అంది. కోపంగా అనలేదు, ప్రేమగానూ అనలేదు. వెళ్లాను.

సాయమ్మ ఆ గదిలోనే నాలుగేళ్లు బతికి పోయింది. ఈదమ్మ ఆ తర్వాత కూడా చాలా పలకలు చేసింది. అన్నిటిలోనూ ఆ పట్టీ వదిలింది. అందులో ఒకటి నాకు ఇచ్చింది. నేను ఇప్పటికీ ఆ ఆచారం అబద్ధమనే రాస్తాను, అబద్ధమే కనుక. సభలకు పోతాను, గెలుస్తాను. అవతలి మనిషి నోరు మూసుకున్నప్పుడు చప్పట్లు వినడం మాని ఆ మనిషి చేతుల వైపు చూస్తాను. ఒప్పుకుని మూసుకున్నాడో, చెప్పరాక మూసుకున్నాడో చేతులు కొంత చెప్తాయి. చెప్పరాలేదనిపిస్తే కిందికి దిగి వెళ్లి పక్కన కూర్చుంటాను. దీని వల్ల నా పేరు కొంత పలచబడింది, గురువుగారు మెత్తబడ్డారని మా వాళ్లు అనుకుంటున్నారు.

ఆ సాయంత్రం తలుపు వెనక తల్లీ కూతుళ్లు ఏం మాట్లాడుకున్నారో, నన్ను క్షమించారో, అసలు నా ప్రస్తావన వచ్చిందో లేదో నాకు తెలియదు. ఆ తర్వాత ఇరవై ఏళ్లు ఈదమ్మ పక్కన కూర్చున్నాను. అడిగితే చెప్పేదే. నేను అడగలేదు.